దోసెడు ఉన్ని

నా చిన్నప్పుడు మా వాడలో మందపెద్దను ఎన్నుకున్నాక, ఇంటింటి నుంచీ దోసెడు ఉన్ని తెచ్చేవారు. అంతా కలిపి ఒక గొంగడి నేసి ఆయన భుజం మీద వేసేవారు. ఇతర ఊళ్లలో ఈ పద్ధతి ఉండేదో లేదో నాకు తెలియదు. నేను చూసింది తాండూరు నుంచి పెద్దేముల్ పోయే దారిలో, మా ఊరి గొర్లకాపరుల వాడలో మాత్రమే. ఇప్పుడు అక్కడా లేదు.

పోయిన నెల మా చిన్నాయన పోయాడు. తొంభై దాటిన మనిషి కాబట్టి ఎవరూ ఆశ్చర్యపోలేదు. దినాలకు వచ్చినవాళ్లు ఆయన గురించి మంచి మాటలే చెప్పారు. కష్టజీవి అన్నారు, ఎవరి జోలికీ పోడన్నారు. ఆయన ఒకసారి ఇవ్వకూడని మాట ఇచ్చి, దాన్ని వెనక్కి తీసుకున్న సంగతి ఎవరూ చెప్పలేదు. నేను తప్ప చూసినవాళ్లు మిగల్లేదు. ఆయనలో నాకు అన్నిటికన్నా నచ్చినది అదే. అందుకని రాసి పెడుతున్నాను.

మందపెద్ద అంటే ఏమిటో ముందు చెప్పాలి. ఏడాదంతా ఎవరి గొర్లు వారివే, ఎవరి దొడ్డి వారిదే. కందులు, జొన్నలు కోసిన తర్వాత, వానలు పడేలోగా మాత్రం వాడలోని గొర్లన్నీ ఒక్కటిగా కలిసేవి. రైతులు తమ చేన్లలో రాత్రిపూట మంద పెట్టించుకునేవారు. గొర్లు పడుకున్న నేలకు ఎరువు దక్కుతుంది, మాకు జొన్నలు దక్కుతాయి. పది గొర్లు తోలుకొని పోతే ఏ రైతూ పిలవడు. వందలకొద్దీ ఉంటేనే మంద. అందుకే కలవాలి. కలిశాక, ఏ దారిన పోవాలి, కాగ్నా వాగులో ఎవరి గొర్లు ముందు నీళ్లు తాగాలి, కావలి ఎవరు కాయాలి అని చెప్పేందుకు ఒక మనిషి కావాలి. ఆయనే మందపెద్ద.

ఇవన్నీ ఆయన ఒక్కడే చెప్పవచ్చు. ఒక్కటి మాత్రం చెప్పకూడదు. మంద ఏ చేనులో పెట్టాలన్నది అందరినీ కూర్చోబెట్టి అడగాలి. ఎందుకంటే ఆ జొన్నలే వానలు పడి పంట చేతికొచ్చేదాకా తిండి. అడగాలనుకున్నప్పుడు ఆయన గొంగడిని వాడ నడుమ నేల మీద పరిచేవాడు. పరిచాడంటే ఇంటికొకరు వచ్చి చుట్టూ కూర్చోవాలి. ఇదంతా ఎక్కడా రాసిలేదు. నాకు తెలిసి మా వాడలో అప్పటికి రాయడం వచ్చినవాళ్లు కూడా లేరు.

నేను చెప్పే ఏడాది మా రాజ్యంలో మొదటిసారి ఓట్లు అయిన ఏడాది. నిజాం పోయాడని పెద్దవాళ్లు చెప్పగా వినడమే గాని, ఏం పోయిందో, దాని స్థానంలో ఏం వచ్చిందో పిల్లలకు అర్థమయ్యేది కాదు. మా బడిలో చదువు అప్పుడప్పుడే ఉర్దూ నుంచి తెలుగుకు మారింది. ఇకనుంచి రాజు లేడు, ప్రభుత్వానికి అధికారం ప్రజల నుంచి వస్తుంది అని మా సారు చెప్పాడు. ప్రజలంటే మీ ఇంట్లోవాళ్లే అని కూడా చెప్పాడు. నేను ఇంటికొచ్చి మా ఇంట్లోవాళ్లను చూశాను. మా నాయన బండల గనిలో పనికని తాండూరు పోయి, ఒళ్లంతా దుమ్ముతో వచ్చి పడుకున్నాడు. మా నాయనమ్మ రాట్నం ముందు కూర్చొని ఉన్ని వడుకుతున్నది. వీళ్ల నుంచి అధికారం ఎట్లా వస్తుందో నాకు తోచలేదు.

మా నాయనమ్మ కూడా ఓటు వేసి వచ్చింది. వేసి వచ్చాక వాడలో ఆడవాళ్లకు చెప్పిన సంగతి ఒక్కటే. గుర్తు అంటించిన డబ్బాలో కాగితం వేశాక, అది అంతకుముందు పడిన కాగితాల్లో కలిసిపోయిందట. "ఎవరిది ఏదో మళ్ల తెల్వది. మంచిగనే చేసిండ్రు" అన్నది. అంతకు మించి మెచ్చుకోవడం ఆమెకు అలవాటు లేదు.

ఓట్లయిన కొన్నాళ్లకు మా వాడలో మా చిన్నాయనను మందపెద్దగా ఎన్నుకున్నారు. నాయనమ్మకు ఆయన చిన్నకొడుకు. అప్పటికే వేరు పడి, భార్యతో వాడ చివర ఇంట్లో ఉండేవాడు. మంచి పొడగరి, గొంతు పెద్దది, కాళ్లు గట్టివి. గొర్లు ఆయన కేక వింటే ఆగేవి.

ఉన్ని తెచ్చే రోజు నాకు బాగా గుర్తుంది. వాడలో అందరికన్నా పెద్దావిడ చేతులతోనే ఉన్ని కొలవాలి. ఆ ఏడు మా నాయనమ్మే పెద్దది. ఇంటింటివాళ్లూ తెస్తుంటే ఆమె రెండు చేతులూ కలిపి పట్టినంత తీసుకొని గుడ్డ మీద వేసేది. పెద్ద మంద ఉన్న ఒకాయన గంపెడు తెచ్చి, "నాయి మస్తు గొర్లు, నాది ఎక్కువే తీస్కో అవ్వా" అన్నాడు. నాయనమ్మ దోసెడు తీసుకొని గంపను వెనక్కి తోసింది.

"తీస్కపో. నీకు బొచ్చు ఎక్కువ, మాట ఎక్కువ గాదు" అన్నది.

అందరూ నవ్వారు. ఆయన కూడా నవ్వాడు గాని, గంప ఎత్తుకొని పోయేటప్పుడు వెనక్కి చూశాడు.

ఆయన తర్వాత మా పక్కింటి అక్క వచ్చింది. ఆమె పెనిమిటి అంతకుముందు వానాకాలంలో జ్వరంతో పోయాడు. చంకలో చంటిపిల్ల, దొడ్లో రెండు గొర్లు. తెచ్చిన ఉన్ని కొంగులో ఉంది. అది సరిగ్గా దోసెడే అయింది. రెండు గొర్ల ఉన్నీ కత్తిరించి, ఉన్నదంతా తెచ్చిందని ఇప్పుడు నాకు అర్థమవుతుంది.

మా చిన్నాయన ఇంటి నుంచి మాత్రం ఉన్ని తీసుకోలేదు. మందపెద్ద ఇంటి ఉన్ని ఆ గొంగడిలో ఉండకూడదు. మా చిన్నమ్మ గడపలో కూర్చొని, "మా ఇంట్ల గొర్లు లేవనుకుంటుండ్రా?" అని ఎగతాళిగా అడిగింది. "పెద్ద ఉన్నడు గద, సాలదా?" అని ఆడవాళ్లు జవాబిచ్చారు.

అంతా వచ్చాక కుప్పను చేతులతో కలిపారు. తర్వాత ఉన్ని ఏకే విల్లుతో కొట్టి మళ్లీ కలిపారు. మా గొర్లలో గోధుమరంగు గొర్రె ఒకటి ఉండేది. దాని ఉన్ని నల్లటి కుప్పలో కలిసిపోతుంటే నాకు బాధనిపించింది. మనది పక్కకు పెట్టి ఒక అంచుకు నేయిస్తే మనది మనకు కనబడుతుంది కదా అని నాయనమ్మను అడిగాను. కనబడకూడదనే కలుపుతున్నామని చెప్పింది. ఎందుకని అడిగితే జవాబు చెప్పలేదు. ఆమె చేతినిండా పని ఉంది.

తర్వాత ఇంటింటి ఆడవాళ్లూ వడికారు, మగ్గం మీద నేశారు, చింతగింజల గంజి పట్టించి ఆరబెట్టారు. గొంగడి తయారైంది. దాన్ని నేల మీద పరిచి, వాడలో ఒకాయన ఎత్తి మా చిన్నాయన భుజం మీద వేశాడు. అది తనంత తాను ఎత్తి వేసుకునేది కాదు.

కొన్ని రోజులు అంతా సాఫీగా నడిచింది. అప్పుడు ఊరి పటేలు చిన్నాయనను పిలిచాడు.

పటేలుకు ఊరి తూర్పున మంచి రేగడి భూమి ఉండేది. పాత రోజుల్లో ఎండకాలం వస్తే మంద ముందు ఆ రేగడిలోకే పోయేది, జొన్నల మాట ఎత్తేవాళ్లు లేరు. అది వెట్టి. నిజాం పోయాక వెట్టి పోయిందని అందరూ అన్నారు. పటేలు మాత్రం అట్లా అనుకున్నట్టు లేదు. ఆ రోజు జరిగింది మా చిన్నాయన తర్వాత ఎన్నోసార్లు చెప్పాడు, ఎప్పుడూ ఒకే తీరుగా చెప్పాడు. పటేలు అరుగు మీద కూర్చొని ఉన్నాడట. చిన్నాయన అలవాటు కొద్దీ చెప్పులు విడిచి కింద నిలబడ్డాడట.

"ఏంరా, ఈ ఏడు మంద మన రేగడిలనే గద?"

"ఔ దొరా."

"వానలు పడేదాక?"

"ఔ దొరా."

అంతే. "నోరు ఔనన్నది బిడ్డా. నేనింటికొచ్చి నీళ్లు తాగినంక తెలిసింది ఏమన్ననో" అని చెప్పేవాడు నాతో. ఆయన తాత, ఆయన నాయన ఆ అరుగు కింద నిలబడి అదే మాట అన్నారు. ఆయన నోటికి ఇంకో మాట తెలియదు. ఆయనకు పటేలు ఏమీ ఇవ్వలేదు, ఆయన అడగనూ లేదు. ఇది మాత్రం నేను గట్టిగా చెప్పగలను.

కాని ఇచ్చిన మాట ఇచ్చినదే. వానలు పడేదాకా మంద పటేలు రేగడిలో ఉంటే, పెద్దేముల్ వైపు రైతుల దగ్గరికి పోయేందుకు రోజులు మిగలవు. ఆ ఎండకాలం జొన్నలు ఉండవు. పెద్ద మంద ఉన్నవాళ్లు రెండు పొట్టేళ్లు అమ్ముకొని బతుకుతారు. మా పక్కింటి అక్క రెండు గొర్లలో ఏది అమ్ముకుంటుంది?

చిన్నాయన ఈ సంగతి మర్నాడు పొద్దున్నే మా ఇంటికొచ్చి తల్లికి చెప్పాడు. చెప్పేటప్పుడు ఆయన గొంతు అవసరమైనదానికన్నా పెద్దగా ఉంది. నేను గడప దగ్గర కూర్చొని వింటున్నాను.

"ఎవరినడిగినవు?" అన్నది నాయనమ్మ.

"అడిగేదేంది? గొంగడి నా మీద ఏసిండ్రా లేదా? ఏసినంక నా మాటే మాట. మొన్న ఓట్లేసిండ్రు, గెలిచినాయన మల్ల మనల్ని అడుగుతడా?"

"అడగకుంటే మల్ల ఓటు దొరకది."

"గది మల్ల సంగతి. ఇప్పుడైతె నేనే పెద్ద. మాట ఇచ్చొచ్చిన. ఎనక్కి తీస్కుంటే నా ఇజ్జత్ ఏంగావాలె?"

"నీ ఇజ్జత్ కోసం ఆ పిల్ల, పక్కింట్ల పిల్ల, పస్తుండాల్నా కొడుకా?"

చిన్నాయనకు కోపం వచ్చింది. తప్పు తనదే అని తెలిసినప్పుడు వచ్చే కోపం ఎట్లా ఉంటుందో అప్పుడే మొదటిసారి చూశాను. భుజం మీది గొంగడి తీసి నాయనమ్మ ముందు విసిరాడు.

"నీ దోసెడు బొచ్చు నీకు గావాల్నా? ఏరుకో. ఏరుకొని పక్కకు పెట్టు. పొద్దు వాలంగ వచ్చి మిగిలిన గొంగడి ఏస్కపోత" అని వెళ్లిపోయాడు.

నాయనమ్మ దాన్ని తీసుకొని బయట వేపచెట్టు నీడలో కూర్చొని, నన్ను పిలిచి నా ఒళ్లో పరిచింది. "మీ చిన్నాయన జెప్పిండు గద. మన బొచ్చు ఏరు బిడ్డా" అన్నది.

నేను నిజంగానే ఏరడం మొదలుపెట్టాను. మా గోధుమరంగు గొర్రె ఉంది కాబట్టి నాకు సులువే అనుకున్నాను. ఒక మూల ఆ రంగు వెంట్రుక కనబడింది. దాన్ని గోటితో పట్టి లాగితే రాలేదు. రెండో మూల చూశాను, అక్కడా ఉంది. నడుమ చూశాను, అక్కడా ఉంది. అంచుల్లో ఉంది. మా ఉన్ని లేని చోటు ఆ గొంగడిలో నాకు కనబడలేదు. ఎక్కడా జానెడు కూడా మాది అని వేరు చేసి చూపే వీలు లేదు.

దారిన పోయే ఆడవాళ్లు ఆగి ఏం చేస్తున్నావని అడిగారు. నాయనమ్మ తొణకకుండా జరిగింది చెప్పింది. మంద పటేలు రేగడికి పోతున్నదని, అడిగితే మీ బొచ్చు ఏరుకోమన్నాడని, మేము ఏరుకుంటున్నామని. ఒకామె నవ్వి కూర్చొని తనది వెతికింది. ఇంకొకామె వచ్చింది. నీళ్లకు పోయేవాళ్లు బిందెలు దించారు. మధ్యాహ్నానికి వాడలో ప్రతి ఇంటి ఆడమనిషీ ఆ గొంగడి చుట్టూ ఉంది. తర్వాత చాలా ఏళ్లకు గాని నాకు తెలియలేదు. వాడను కూర్చోబెట్టే హక్కు మందపెద్దకే ఉంది, నాయనమ్మకు లేదు. ఆమె ఎవరినీ పిలవలేదు. ఒక పిల్ల ఒళ్లో గొంగడి పెట్టి, జరగని పని ఒకటి చెప్పి కూర్చోబెట్టింది. మిగతాది వాళ్లకు వాళ్లే చేసుకున్నారు.

మొదట హాస్యాలు నడిచాయి. "ఇగో, గీ గరుకుది నీదే, నీ లెక్కనే ఉన్నది" అని ఒకరినొకరు ఆట పట్టించుకున్నారు. మా పక్కింటి అక్క పిల్లను ఒళ్లో వేసుకొని ఒక పక్కగా కూర్చుంది. ఆమె వెతకలేదు. గొంగడి అంచు మీద చెయ్యి పెట్టింది.

"దీన్ల నాది గూడ ఉంటది గదా, అవ్వా?" అన్నది.

"ఉంటది. యాడ ఉన్నదని అడగకు. అంతట ఉంటది."

"ఉంటే మరి నన్నెందుకు అడగలె?"

ఆమె కోపంగా అనలేదు. నిజంగానే తెలియక అడిగినట్టు అడిగింది. ఆ తర్వాత ఎవరూ నవ్వలేదు.

కాసేపటికి ఒకామె, మనది మనం ఏరుకునే వీలు లేదు కదా, మరి ఇచ్చింది వెనక్కి తీసుకునేదెట్లా అన్నది. నాయనమ్మ అప్పుడు చెప్పింది. ఒక్కరు తీసుకోవాలంటే గొంగడి చిరుగుతుంది, అందరిదీ పాడవుతుంది. అందుకే ఒక్కరు తీసుకునే వీలు లేకుండా కలుపుతారు. తీసుకోవాలంటే అందరూ కలిసే తీసుకోవాలి. ఎక్కువ తక్కువలు కనబడకూడదనే కొలతా ఒక్కటే పెట్టారు. ఇంతకుముందు నేను అడిగినప్పుడు చెప్పని జవాబు ఇదే. నా వైపు చూసి చెప్పలేదు గాని, నాకూ చెప్పిందనే అనుకున్నాను.

పొద్దు వాలుతుండగా చిన్నాయన వచ్చాడు. అంతమందిని చూసి ఆగాడు. గొంగడి నా ఒళ్లోంచి తీసి భుజాన వేసుకున్నాడు. "ఏరినవా?" అని నన్నడిగాడు. రాలేదని చెప్పాను. ఆయన వాడ మొదట్లోకి పోయి నిలబడి, రోజూ వేసే కేక వేశాడు.

రోజూ ఆ కేక వినగానే ఇంటింటి దొడ్ల ముళ్లకంప తడకలు తెరుచుకునేవి. గొర్లు బయటికి ఉరికి వచ్చి దారిలో ఒక్కటయ్యేవి. ఆ రోజు తడకలు తెరుచుకోలేదు. ఎవరూ ఎదురు చెప్పలేదు, తిట్టలేదు, తలుపులూ వేసుకోలేదు. ఎవరి గుమ్మం ముందు వాళ్లు నిలబడి ఉన్నారు, అంతే. దొడ్లలో గొర్లు అరుస్తున్నాయి. చిన్నాయన ఇంకో కేక వేశాడు. తర్వాత తన ఇంటికి పోయి, తన దొడ్డి తానే తెరిచి, తన గొర్లను తోలుకొని రేగడి వైపు పోయాడు.

పటేలు గట్టు మీద నిలబడి ఉన్నాడట. అంత పెద్ద రేగడిలో చిన్నాయన గొర్లు ఒక మూల నిలబడ్డాయి.

"గిదేనారా మంద?"

"మిగిలినయి వస్తయి దొరా."

"ఎప్పుడు?"

చిన్నాయన వెనక్కి తిరిగి వాడ వైపు చూశాడట. ఇది చెప్పేటప్పుడల్లా, "గొంగడి గదే, బరువు గదే. ఎన్క మంద మాత్రం లేదు" అనేవాడు.

చీకటి పడకముందే తిరిగి వచ్చాడు. తన గొర్లను దొడ్లో పెట్టి, వాడ నడుమకు వచ్చి గొంగడి పరిచాడు. తాను దాని మీద కాదు, పక్కన మట్టిలో కూర్చున్నాడు. ఇంటికొకరు వచ్చి చుట్టూ కూర్చున్నారు. మా నాయన అప్పుడే గని నుంచి వచ్చి దుమ్ము కడుక్కోకుండానే కూర్చున్నాడు.

"నేనొక్కన్నే మాటిచ్చిన. గట్ల ఇయ్యద్దుండె" అన్నాడు చిన్నాయన.

ఎవరూ ఆయనను ఏమీ అనలేదు. కాని భయం పోలేదు. పటేలుకు ఎవరు చెప్పాలి? గంపెడు ఉన్ని తెచ్చిన పెద్ద మందాయన, నేను మాత్రం పోనన్నాడు. రజాకార్ల రోజులు గడిచి నాలుగేండ్లు కూడా కాలేదు, పెద్దమనుషులకు ఎదురు చెప్పినవాళ్లకు ఏమైందో అందరికీ గుర్తుంది. అప్పుడు మా నాయన వెనుక నిలబడ్డ నాయనమ్మ, మాట ఇచ్చినవాడే పోవాలని, కాని ఈసారి తన మాట కాదు, మన మాట చెప్పాలని అన్నది. మంద పెద్దేముల్ వైపు పోవాలని అందరూ ఒప్పుకున్నారు. పక్కింటి అక్కనూ అడిగారు. ఆమె సరేనన్నది.

మర్నాడు పొద్దున చిన్నాయన ఒక్కడే పటేలు ఇంటికి పోయాడు.

"దొరా, మొన్న ఇచ్చిన మాట నాది గాదు. నాకు ఇయ్యరాదు" అన్నాడట.

"నువ్వే గదరా మందపెద్దవు?"

"గందుకే దొరా. నా ఒక్కని గొర్లయితె ఇప్పుడే తోల్కొస్తుంటి. పెద్దను గనుక ఇయ్యరాదు. అందరిని అడగాలె."

"ఎవడు వద్దన్నడు? వాన్ని పిల్వు."

"ఎవడు గాదు దొరా. అందరు."

"అందరంటే ఎవడురా?"

ఇక్కడికొచ్చేసరికి చిన్నాయన తొంభై ఏళ్ల వయసులో కూడా పడీపడీ నవ్వేవాడు. "అందరంటే ఎవడు అంటడు! ఆయనకు మస్తు కోపమున్నది బిడ్డా. గని యాడ పెట్టాల్నో తెలుస్తలేదు" అనేవాడు. పటేలు చాలా తిట్టాడట. ఓట్లొచ్చి మీకు తలకెక్కింది అన్నాడట. చిన్నాయన తల దించుకొని అన్నీ విని, చెప్పులు తొడుక్కొని వచ్చేశాడు. మాట ఇచ్చిన రోజు ఆయన ఒక్కడు, ఆయనను ఒక్క మాటతో ఔననిపించవచ్చు. ఆ రోజు ఆయనకు ఔననే హక్కు లేదు. తనకు లేని హక్కే ఆయనను కాపాడింది. ఇది నాకు పుస్తకాలు చదివిన తర్వాత అర్థమైంది. ఆయనకు ఆ అరుగు కిందే అర్థమై ఉంటుంది.

మంద పెద్దేముల్ వైపు పోయింది. జొన్నలు వచ్చాయి. అక్క తన రెండు గొర్లనూ అమ్ముకోలేదు. పటేలు రేగడికి ఆ ఏడు మంద ఎరువు దక్కలేదు. మరుసటి ఏడు ఆయన తన మనిషిని పంపి, అందరు రైతులూ ఇచ్చినట్టే జొన్నలిస్తాను, మంద పెడతారా అని అడిగించాడు. గొంగడి పరిచి కూర్చొని, పెడతామన్నారు.

తప్పు చేశాడని మా చిన్నాయనను నడుమ దించలేదు. వానలు పడేదాకా ఆయననే ఉంచారు. ఆయనకు మాత్రం భయం పట్టుకుంది. ప్రతిదానికీ గొంగడి పరిచేవాడు. ఒకనాడు వాగు దగ్గర నీళ్ల వంతు కోసం కూడా పరిచాడు. నాయనమ్మ అంత దూరం నడిచిపోయి తిట్టింది.

"గొర్లు నీళ్లు దాగాల్నా వద్దా గది గూడ మేమే జెప్పాల్నా? గందుకే గదరా నిన్ను వెట్టింది!"

వాడంతా ఈ మాట చాలా రోజులు చెప్పుకొని నవ్వింది.

తర్వాతి ఏడు ఇంకొకాయనను పెద్దగా ఎన్నుకున్నారు. చిన్నాయన గొంగడిని ఉతికి, మా వాడ పద్ధతి ప్రకారం, చంటిపిల్ల ఉన్న ఇంటికి ఇచ్చారు. అది మా పక్కింటి అక్క ఇల్లే. ఆ పిల్ల ఆ గొంగడిలోనే పెరిగింది.

మళ్లీ ఉన్ని కొలిచే రోజు వచ్చింది. ఇంటింటివాళ్లూ వరసగా వస్తున్నారు. పక్కింటి అక్క వెనుక మా చిన్నాయన నిలబడి ఉన్నాడు. సాధారణంగా ఆడవాళ్లు తెస్తారు. ఆయన తానే తెచ్చాడు. రెండు చేతులూ కలిపి ఉన్ని పట్టుకొని, అంత పొడగరి మనిషి, తన వంతు కోసం నిలబడ్డాడు. నాయనమ్మ తన చేతులతో కొలిచింది. ఆయన చేతులు పెద్దవి కాబట్టి కొంచెం మిగిలింది.

"ఉండనీ అవ్వా" అన్నాడు.

"దోసెడే" అని మిగిలింది ఆయన చేతిలో పెట్టింది.

ఆయన నవ్వి, ఆ మిగిలిన ఉన్ని పట్టుకొని పక్కకు వచ్చి నా దగ్గర నిలబడి, తనది కుప్పలో కలవడం చూశాడు. అంత తృప్తిగా ఉన్న ముఖం గొంగడి భుజాన వేసిన రోజున కూడా నేను చూడలేదు.

తర్వాత నేను చదువుకున్నాను. వికారాబాదులో పిల్లలకు చాలా ఏళ్లు పాఠాలు చెప్పాను. ప్రభుత్వానికి అధికారం ప్రజల నుంచి వస్తుందని ఏటేటా చెప్పేదాన్ని. పిల్లలు రాసుకునేవారు, పరీక్షలో రాసేవారు. కొందరైనా ఎట్లా వస్తుందని అడిగేవారు. అప్పుడు ఈ గొంగడి సంగతి చెప్పేదాన్ని. గొంగడి ఇచ్చే రోజు గురించే పిల్లలు ఎక్కువ అడిగేవారు. నాకు మాత్రం తడకలు తెరుచుకోని ఆ సాయంత్రం, ఆ తర్వాత ఆయన మట్టిలో కూర్చున్న తీరు ముఖ్యం. ఇచ్చినవాళ్లకు వెనక్కి తీసుకోవడం తెలియాలి, తీసుకున్నవాళ్లకు దించడం తెలియాలి. ఈ రెండూ ఒకే రోజున ఒకే ఇంటి మనుషుల్లో చూశాను.

ఉద్యోగం ఎక్కడున్నా నా ఓటు ఊళ్లోనే ఉంచుకున్నాను. ఓట్ల రోజున చిన్నాయన నన్ను తోడు రమ్మనేవాడు. ఆయన దాన్ని ఓటు వేయడం అనేవాడు కాదు. "పా బిడ్డా, దోసెడు పోసొద్దాం" అనేవాడు. చివరి రెండు సార్లు నా చెయ్యి పట్టుకొని నడిచాడు. బయటికొచ్చాక "పోసినవా?" అని అడిగేవాడు. పోశానంటే తల ఊపేవాడు. ఎవరికి అని ఏనాడూ అడగలేదు.

పోయిన వారం మా ఊరి పంచాయతీ ఓట్లు. ఒక్కదాన్నే పోయి వేసి వచ్చాను. ఓట్లు వేసే బడి మెట్ల దగ్గర కాసేపు ఆగాను. లోపల డబ్బాలో నా కాగితం మిగతావాటిలో ఎప్పుడో కలిసిపోయి ఉంటుంది. గెలిచినవాళ్లు నన్ను అడగకుండా ఏదైనా చేస్తే, పక్కింటి అక్క అడిగినట్టే నేనూ అడుగుతాను. దాని కోసమే ఆ మాట ఇన్నేళ్లు దగ్గర పెట్టుకున్నాను. పోసినవా అని అడిగేవాళ్లు ఈసారి లేరు. పోశాను, చిన్నాయనా.